పల్లకీల వీధి వెనకసందు

కుసుమకుమారి పుట్టిందీ పెరిగిందీ పల్లకీల వీధిలోనే. బి.ఇడి. చదివిన ఏడాదీ, పాతపట్నం హైస్కూల్లో మొదటి ఉద్యోగం చేసిన మూడేళ్ళూ తప్ప ఆ వీధి వదిలి ఆవిడ ఎక్కడా ఉండలేదు. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదో వీధిలో తలా ఒక కారణం చెప్పేవారు. ఎవరైనా మొహం మీదే అడిగితే, "మా మేడగది కిటికీలోంచి చెరువు కనిపిస్తుంది. అలాంటి కిటికీ ఉన్న సంబంధం ఒక్కటీ రాలేదు" అని నవ్వేసేది. అందులో సగం నిజం.

నూటయాభై ఏళ్ళ నాటి వీధి అది. చెరువు ఆనుకుని ఉన్న ఆ చిన్న ఊళ్ళో అంత పాత వీధి ఇంకొకటి లేదు. వరసగా ఇరవైరెండు పెద్దిళ్ళు, గూనపెంకుల కప్పులు, నున్నటి వీధరుగులు, ఇద్దరు చేతులు చాచి పట్టుకుంటే గాని అందని చెక్క స్తంభాలు. ఆ ఇళ్ళ పెరళ్ళు దాటితే వెనకసందు. పెరటిగోడలకీ చెరువుగట్టుకీ మధ్య ఇరుకుగా పంతొమ్మిది కొంపలు. కొన్ని తాటాకువి, కొన్ని రేకులవి. అందులో ఉన్నవాళ్ళంతా చెరువులో చేపలు పట్టి బతికేవాళ్ళు. పొద్దున్నే జెల్లలూ కొర్రమీనులూ పెరటి గుమ్మాల్లోంచి పెద్దిళ్ళ వంటిళ్ళలోకి వచ్చేవి. మధ్యాహ్నానికి "ఆ నీచు కంపు భరించలేకపోతున్నాం" అని అదే ఇళ్ళవాళ్ళు కిటికీలు వేసుకునేవారు.

వీధికి ఆ పేరెలా వచ్చిందని అడిగితే పెద్దిళ్ళవాళ్ళు ఒకే మాట చెప్పేవారు. "మా తాతలు పల్లకీల్లో తిరిగేవారు కదా!"

2013 ఎండాకాలంలో, పాత వీధుల్ని బాగుచేసే పథకం ఒకటి వస్తోందనీ, ఈ వీధికి అవకాశం ఉందనీ కబురు తెలిసింది. రాళ్ళు పరిచిన బాట, పాతకాలపు దీపస్తంభాలు, చెరువుగట్టున నడకదారి. వీధి పెద్దలంతా నరసింగరావు ఇంటి అరుగు మీద కూచుని వారసత్వ సమితి అని ఒకటి పెట్టుకున్నారు. నరసింగరావు కుసుమకుమారికి అన్న. ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. సమితికి ఆయనే అధ్యక్షుడు.

"వీధి చరిత్ర పుస్తకంలా ఉండాలిట కుసుమా," అన్నాడాయన ఆ సాయంత్రం. "ఊరికే అరుగులున్నాయి, స్తంభాలున్నాయి అంటే పైవాళ్ళు వినరు. తెలుగు టీచరువి, నువ్వు రాయాలి."

అన్న తనని ఒక పని అడిగి చాలా ఏళ్ళయింది. ఇల్లు తండ్రి వీలునామాతో అన్నకే వచ్చింది. ఆవిడకి రాసింది మేడగదిలో బతికినన్నాళ్ళు ఉండే హక్కు. వదిన భారతి మంచిదే. అయినా పండక్కి ఎన్ని బూరెలు వండాలో, ముందుగదికి ఏ రంగు వేయాలో ఆవిణ్ణి ఎవరూ అడగరు. ఇప్పుడు వీధి వీధంతా ఆవిడ రాతకోసం ఎదురుచూస్తానంది. ఆ రాత్రి భోజనాల దగ్గర రెండోసారి అన్నం పెట్టించుకుంది.

ఆదివారాలూ సెలవులూ కాయితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. పెద్దిళ్ళలో చెప్పింది అంతా ఒకటే: మా తాత దివాణంలో ఫలానా ఉద్యోగం, మా ముత్తాతకి ఫలానా దొర గడియారం బహూకరించాడు. పదో ఇంటికి వచ్చేసరికి ఆవిడ ముందే రాసేసుకుని ఊరికే తల ఊపేది. అప్పుడనిపించింది, వెనకసందు అడగలేదే అని.

జగ్గమ్మ గుమ్మంలో కూచుని వల చిక్కులు తీస్తోంది. డెబ్భై అయిదు దాటి ఉంటాయి. కుసుమకుమారి చంటిపిల్లగా ఉన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మనిషి.

"ఏటి బుల్లెమ్మా, సేపలకి నువ్వే వొచ్చీసినావు? కబురెడితే మా గంగులు అట్టుకొచ్చును గదా."

"చేపలకి కాదు జగ్గమ్మా. వీధి గురించి రాస్తున్నాను. పాత సంగతులేవైనా నీకు తెలుసేమోనని."

జగ్గమ్మ వల ఒళ్ళోకి దింపింది. "మోసినోలికేటి తెలుస్తాది? కూకున్నోలే సెప్పాల."

"పల్లకీలు ఎవరు మోశారు?"

"మావేనమ్మా. ఇంకెవులు? మా ఇంటాయన తాత అప్పన్న ముందు బొంగు కాడ ఉండీవోడంట. కుడి బుజం మీద ఇంతేసి కాయ. సచ్చిపోతే ఆ కాయ కాల్లేదని మా అత్త సెప్పీది." చేత్తో కాయ ఎంతుండేదో చూపించింది. "రాజుగోరు సేపలోల్లనే బోయీలుగా ఎట్టుకున్నారు. గట్టు మీద తడిలో నడిసినోలికి కాలు జారదు గదా. ఈ వీదంతా మావోలదే మొదల."

"వీధంతానా?"

"నమ్మవేటి? ఉండు."

లోపల్నించి ఒక రేకు పెట్టె తెచ్చింది. అందులో ఆవిడ పెళ్ళినాటి చీర, చీర మడతలో నూనెగుడ్డ, గుడ్డలో ఒక కాయితం. పసుపు రంగుకి తిరిగి, మడతల దగ్గర చిల్లులు పడింది. కింద లక్క ముద్ర. అక్షరాలు విడదీయకుండా కలిపి రాసిన గొలుసుకట్టు రాత. కుసుమకుమారి దాన్ని వెలుగులోకి తిప్పి మొదటి వరస కూడబలుక్కుంది, సగం పట్టుబడలేదు.

"నేను తీసుకెళ్ళి చదివి తెస్తాను జగ్గమ్మా."

"అట్టుకెల్లు. నీకాడుంటే నువ్వు సదువుతావు. మాకాడుంటే సెదలు సదువుతాయి."

మూడు ఆదివారాలు పట్టింది ఆ గొలుసుకట్టు విప్పడానికి. పద్ధెనిమిది కుటుంబాల బోయీలకి దివాణం ఇచ్చిన పట్టా అది. తూర్పున చెరువుగట్టు, పడమర రాచబాట, ఆ మధ్య భూమి సూర్యచంద్రులున్నంత కాలం వాళ్ళది. పద్ధెనిమిది పేర్లూ ఉన్నాయి. మొదటి పేరు అప్పన్న. రాచబాట అంటే ఏదో ఆవిడకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. తమ వీధరుగు కింద ఉన్న రోడ్డే అది. అంటే పట్టా ప్రకారం వెనకసందే కాదు, ఇరవైరెండు పెద్దిళ్ళూ ఆ భూమిలోనే ఉన్నాయి.

ఎనిమిది పేజీల అధ్యాయం రాసింది. ఉద్యోగంలో చేరిన నాటినుంచి ప్రశ్నపత్రాలూ, అభినందన పత్రాలూ రాసిన చెయ్యి ఆ ఎనిమిది పేజీలూ ఏకబిగిన రాసింది. చదివి చూసుకుంటే తనే రాసిందా అనిపించింది.

నరసింగరావు అరుగు మీద కూచుని కళ్ళజోడు సవరించుకుంటూ చదివాడు.

"ఇదంతా ఎందుకు రాశావు?"

"జరిగింది కనక."

"ఆ కాయితం చూపించు."

చూపించింది. ఆయన వేలు 'రాచబాట' దగ్గర ఆగింది. తలెత్తి వీధిలోకి చూశాడు. పాలవాడి సైకిలు వెళ్ళింది. ఎదురింటి లక్ష్మీనరసమ్మగారు ముగ్గు వేసుకుంటోంది.

"మనం కూచున్న ఈ అరుగు కూడా అన్నమాట."

"అవునన్నయ్యా. తాతగారు ఎవరిదగ్గర కొన్నారో కాయితాలేవైనా ఉన్నాయా?"

"తాతగారి రోజుల్లో అడిగేవాడెవడు, రాసేవాడెవడు?" అన్నాడాయన. అరిచి ఉంటే ఆవిడా అరిచేది. ఆయన అరవలేదు. "చూడు కుసుమా. వాళ్ళని పొమ్మంటున్నామా మనం? ఉన్నారు, ఉంటారు. పుస్తకంలోకి ఎక్కించడం దేనికి? రేపు ఎవడో ఒక లాయరు దీన్ని పట్టుకుని వీధినంతా కోర్టుకీడిస్తే? ఇల్లుంటేనే కదమ్మా మేడగది. ఆలోచించుకో."

ఆవిడ వారం రోజులు ఆలోచించుకుంది. ఆలోచించడం అంటే మేడగదిలో కిటికీ దగ్గర కూచుని చెరువు చూడటం. ఎనిమిదో రోజున ఎనిమిది పేజీలూ తీసేసి, వాటి బదులు ఒక వాక్యం రాసింది: 'వెనకటి రోజుల్లో ఈ వీధి పరిసరాల్లో పల్లకీలు మోసేవారు కూడా కొందరుండేవారని వినికిడి.' వినికిడి అన్న మాట దగ్గర కలం కాసేపు ఆగింది. కళ్ళారా చదివినదాన్ని వినికిడి అంటోంది. అయినా రాసింది. పట్టాని మళ్ళీ నూనెగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది. జగ్గమ్మకి తిరిగి ఇవ్వలేదు. ఇస్తే ఎవరి కంటైనా పడుతుందని అన్న అన్నాడు.

2014 ఆగస్టులో పుస్తకం వచ్చింది. అట్ట మీద ఆవిడ పేరు ఎర్ర అక్షరాల్లో ఉంది. సభలో దండ వేశారు. వెనకసందు వాళ్ళు గోడవార నిలబడి చూశారు. సభ అయ్యాక జగ్గమ్మ వచ్చి పుస్తకం చేతిలోకి తీసుకుని అట్ట నిమిరింది.

"మా అప్పన్న తాత పేరెక్కడున్నాది బుల్లెమ్మా?"

చుట్టూ జనం. అన్న రెండడుగుల దూరంలో ఉన్నాడు. కుసుమకుమారి పుస్తకం తెరిచి, పదహారో పేజీలో ఒక వరస మీద వేలు పెట్టింది. "ఇక్కడ."

చెక్క స్తంభాలకి కలప ఏ కొండల్నుంచి వచ్చిందో చెప్పే వరస అది.

జగ్గమ్మ ఆ వరసని వేలితో తాకి కళ్ళకద్దుకుంది. ఆ పుస్తకం తనకి కావాలని అడిగి పట్టుకెళ్ళింది. కొడుకు గంగులు కూతురు సుహాసిని ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎమ్మే చదువుతోంది, సెలవులకి వచ్చి చదివి వినిపిస్తాదని చెప్పింది.

అక్టోబరులో, జాతర అయిన ఆదివారం తుఫాను వచ్చింది. అలాంటి గాలి ఆ వీధి పుట్టి ఎరగదు. పదకొండు గంటలకి చెరువు గట్టెక్కింది. వెనకసందులో రేకులు పేకముక్కల్లా లేచిపోయాయి. జనం పిల్లల్ని చంకనేసుకుని పెరటి గుమ్మాలు కొట్టారు. కొట్టిన ప్రతి గుమ్మం తెరుచుకుంది. అది అబద్ధం కాదు. నరసింగరావు ఇంటి మండువాలో ముప్ఫై మంది తలదాచుకున్నారు. భారతి రెండు పూటలా అందరికీ ఉప్పుపిండి వండింది. చెట్టు విరిగి కప్పు మీద పడితే గంగులు ఆ గాలిలోనే నడుముకి తాడు కట్టుకుని ఎక్కి, కొమ్మలు నరికి, చిల్లు మీద టార్పాలిను కప్పి దిగాడు. దిగేసరికి మోచేతులు చీరుకుపోయి ఉన్నాయి. నరసింగరావు స్వయంగా అయోడిను రాశాడు.

"నువ్వు లేకపోతే ఇల్లు పోయేదిరా గంగులూ," అన్నాడు.

"ఆ మాటెందుకు బాబూ. మా ఇల్లెలాగూ పోనాది. మీదన్నా నిలబడాల గదా."

మూడోనాడు వాళ్ళందరినీ స్కూలు భవనంలోకి మార్చారు. కరెంటు రావడానికి పదిరోజులు పట్టింది. ఆ తర్వాత గంగులు వాళ్ళు వెదుళ్ళూ తాటాకులూ పోగుచేసుకుని సందులోకి వెళితే, అధికారులొచ్చి కట్టవద్దన్నారు. అది చెరువు స్థలం అన్నారు. నడకదారికోసం సమితి ఇచ్చిన పటంలో అక్కడ ఇళ్ళే లేవు, ఖాళీ స్థలం అని ఉంది. ఆ పటానికి ఆధారంగా జతపరిచింది కుసుమకుమారి పుస్తకం. 'పల్లకీలు మోసేవారు కూడా కొందరుండేవారని వినికిడి' అన్న వాక్యం కింద ఎవరో ఎర్రసిరాతో గీత గీశారు. ఉండేవారు అంటే ఇప్పుడు లేరనే కదా.

ఆ సంగతి ఆవిడకి చెప్పింది సుహాసిని.

నవంబరులో, ఒక బుధవారం సాయంత్రం వచ్చింది. సన్నగా, చేతిలో ప్లాస్టిక్ ఫైలుతో. స్కూల్లో కుసుమకుమారి దగ్గర మూడేళ్ళు చదువుకున్న పిల్లే. మేడమెట్ల దగ్గర చెప్పులు విప్పి పైకొచ్చింది.

"సోమవారం మా పిటిషను విచారణకొస్తుంది టీచరుగారూ. మేం అక్కడ ఎప్పట్నించి ఉన్నామో ఆధారం అడుగుతున్నారు. రేషను కార్డులు ముప్ఫై ఏళ్ళకే ఉన్నాయి. మా నానమ్మ మీకొక కాయితం ఇచ్చిందట."

కింద ముందుగదిలో నరసింగరావు దగ్గాడు. వింటున్నాడని తెలియజెయ్యడానికి దగ్గాడు.

"అవునమ్మా, ఇచ్చింది," అంది కుసుమకుమారి. "ఎక్కడ పెట్టానో వెతకాలి."

"వెతకండి. శనివారం వస్తాను."

ఆవిడ వెతకలేదు. ఎక్కడుందో తెలిసినదాన్ని ఏం వెతుకుతుంది? గురువారం అన్న మేడమీదికొచ్చాడు. ఆయన ఆ గదిలోకి వచ్చి ఎన్నేళ్ళయిందో. కిటికీ దగ్గర నిలబడి చెరువు చూస్తూ, "నాన్నగారు ఈ గది నీకివ్వడం నాకు కష్టంగా ఉండేది అప్పట్లో," అన్నాడు. "ఇంట్లోకెల్లా మంచి గది. ఇప్పుడు లేదులే. నీ తర్వాత ఎలాగూ పిల్లలదే." దిగి వెళ్ళిపోయాడు. కాయితం మాటే ఎత్తలేదు.

శుక్రవారం మధ్యాహ్నం స్కూలునుంచి వచ్చి బీరువా తలుపు తెరిచి నూనెగుడ్డ బయటికి తీసింది. ఒళ్ళో పెట్టుకుని కూచుంది. జీతం వస్తోంది, అద్దెకి ఎక్కడైనా ఉండొచ్చు, ఆకలితో చావదు. భయం అది కాదు. ఆ పిల్ల కోర్టులో ఆ కాయితం చూపిస్తే, పుస్తకం రాసినావిడ అన్నీ తెలిసే రాసిందని ఊరంతా తెలుస్తుంది. అట్ట మీద ఎర్ర అక్షరాల పేరు. ఆ పేరు గుర్తొచ్చి గుడ్డ మళ్ళీ లోపల పెట్టి తాళం వేసింది.

శనివారం సుహాసిని వచ్చింది.

"దొరికిందా టీచరుగారూ?"

"తుఫానుకి తడిసిపోయిందమ్మా. ముద్దయిపోయింది."

సుహాసిని గది చుట్టూ ఒకసారి చూసింది. గోడలకి చెమ్మ లేదు. బల్ల మీద పుస్తకాలు వరసగా, పొడిగా ఉన్నాయి. ఆ పిల్ల కళ్ళు బీరువా దగ్గర ఒక్క క్షణం ఆగాయి.

"పుస్తకం నేను చదివేను టీచరుగారూ. పదహారో పేజీ కూడా," అంది. "నానమ్మకి మాత్రం అప్పన్న తాత గురించే ఉందని చెప్పేను. నాకు తోచింది కల్పించి చదివి వినిపించేను. ఏడ్చింది."

కుసుమకుమారి వరసగానే ఉన్న పుస్తకాలని మళ్ళీ సర్దింది.

"వెళ్ళొస్తాను," అని సుహాసిని మెట్లు దిగింది.

సోమవారం ఆధారం లేదని పిటిషను కొట్టేశారు. జనవరిలో యంత్రం వచ్చి మిగిలిన మట్టిగోడలు చదును చేసింది. ఆ రోజు కుసుమకుమారి సెలవు పెట్టలేదు. ఎనిమిదో తరగతికి పద్యం చెప్పింది. వెనకసందు పిల్లలు నలుగురు రాలేదు. హాజరుపట్టీలో నాలుగు ఆబ్సెంట్లు వేసింది. మర్నాడూ వేసింది. నెలాఖరుకి వాళ్ళ పేర్లు కొట్టేశారు.

వాళ్ళకి ఊరికి ఏడు కిలోమీటర్ల దూరంలో, రాజాం వెళ్ళే రోడ్డులో, మెట్టభూమిలో కాలనీ ఇచ్చారు. ఒక్కొక్కరికి ఒక గది, పైన సిమెంటు రేకు. చుట్టుపక్కల మచ్చుకైనా నీటిగుంట లేదు. వలలు అమ్ముకుందామంటే ఆ చుట్టుపక్కల కొనేవాడు లేడు.

వీధి మాత్రం బాగుపడింది. రాళ్ళు పరిచారు, దీపస్తంభాలు పెట్టారు. 2016 వేసవిలో నడకదారి ప్రారంభమైంది. వెనకసందు ఉన్నచోట సిమెంటు పల్లకీ, దాన్ని మోస్తున్న నాలుగు సిమెంటు బొమ్మలు. బోయీలకి మీసాలు పెట్టారు, తలపాగాలు చుట్టారు, పేర్లు పెట్టలేదు. పల్లకీలో ఎవరైనా కూచుని ఫొటో తీయించుకోవచ్చు. ఆ సభలో కుసుమకుమారికి శాలువా కప్పారు. శాలువా మీద జరీ మెడకి గుచ్చుకుంటోంటే ఆవిడ బొమ్మల భుజాలకేసి చూస్తూ కూచుంది. నున్నగా ఉన్నాయి. కాయలు లేవు.

మరుసటి ఆదివారం బీరువా తెరిచి, నూనెగుడ్డ సంచీలో పెట్టుకుని, అన్నకి చెప్పకుండా బస్సెక్కింది.

కాలనీలో ఎండ తెల్లగా కాస్తోంది. జగ్గమ్మ గది నీడలో నులకమంచం మీద పడుకుని ఉంది. చిక్కిపోయింది. కుసుమకుమారిని చూసి లేవబోయింది.

"ఏటి బుల్లెమ్మా! ఇంత ఎండలో ఇలగొచ్చినావు? ఒసే దేముడమ్మా, టీచరమ్మకి మంచినీల్లట్రా."

దేముడమ్మ గంగులు పెళ్ళాం. నీళ్ళు తెచ్చి ఇచ్చి, మొహం చూడకుండా లోపలికెళ్ళిపోయింది.

"గంగులేడి?"

"రైసుమిల్లు కాడ వాచ్‌మేను. ముసిలోడినయిపోనానంటన్నాడు, నలబై అయిదేల్లకి. ఇక్కడ సెరువు లేదు గదమ్మా, ఏటి సేస్తాడు? సుహాసిని రాజాంలో బట్టలకొట్లో లెక్కలు రాస్తన్నాది. సదువు ఆపీసింది."

కుసుమకుమారి సంచీలోంచి నూనెగుడ్డ తీసి మంచం మీద పెట్టింది. గుడ్డ విప్పింది. పసుపు కాయితం, లక్క ముద్ర, మడతల దగ్గర అవే చిల్లులు. ఒక్క మరకైనా లేదు.

జగ్గమ్మ దానికేసి చాలాసేపు చూసింది.

"తడిసిపోనాదని సెప్పింది మా పిల్ల."

కుసుమకుమారి తల వంచుకుంది.

"ఆరబెట్టినావేటి?"

ఎగతాళి చేసిందో, నిజంగానే అడిగిందో ఆవిడకి ఈనాటికీ తెలీదు. గొంతులో ఏ తేడా లేదు. చిన్నప్పుడు వానలో తడిసొస్తే "తల తుడుసుకున్నావేటి" అని అడిగే గొంతే. కుసుమకుమారి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏడవకమ్మా. ఏడిసీవోలని సముదాయించీ ఓపిక నాకిప్పుడు లేదు," అంది జగ్గమ్మ మెల్లగా. పట్టా చేతిలోకి తీసుకోలేదు. "అక్కడెట్టీసి ఎల్లు. మా పిల్లొచ్చాక సూస్తాది. బస్సు మల్లీ నాలుక్కి గాని లేదు."

బస్సు వచ్చేదాకా ఆవిడ రోడ్డు మీదే నిలబడింది. కూచోమని ఎవరూ అనలేదు.

సుహాసిని చూసింది. లాయరు చేత మళ్ళీ పిటిషను వేయించింది. 2017లో కుసుమకుమారికి సాక్షిగా రమ్మని కాయితం వచ్చింది. నరసింగరావు ఆ కాయితం రెండుసార్లు చదివి, "నువ్వు వెళితే ఈ గుమ్మం ఎక్కకు," అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా చెరువు చూస్తున్న కిటికీ మూసి, రెండు పెట్టెలు సర్దుకుని ఆవిడ స్టేషను రోడ్డులో ఒక అద్దె వాటాలోకి మారింది. భారతి గుమ్మం దాకా వచ్చి, "పచ్చడి జాడీ మర్చిపోయారు వదినా," అని ఇచ్చింది.

కోర్టులో అవతలి లాయరు అడిగాడు: "ఈ కాయితం మూడేళ్ళు మీ దగ్గరే ఉంది కదా. మొదటి పిటిషను నాడు ఎందుకు చూపించలేదు?"

ఆవిడ ఆ జవాబు నెలల తరబడి నోట్లో తిప్పుకుంటూనే ఉంది. "కావాలనే ఇవ్వలేదు," అంది. "అబద్ధం చెప్పేను."

గదిలో ఎవరైనా ఉలిక్కిపడతారనుకుంది. ఎవరూ పడలేదు. రాసుకునేవాడు రాసుకున్నాడు. లాయరు, "అబద్ధం చెప్పినట్టు సాక్షే ఒప్పుకుంటున్నారు. అలాంటి మనిషి దగ్గర మూడేళ్ళున్న కాయితం అసలుదేనని నమ్మడం ఎలా?" అని కూచున్నాడు. ఆవిడ ఒప్పుకున్న నిజమే వాళ్ళ కాయితానికి ఎదురు తిరిగింది. రెండు వాయిదాల తర్వాత పిటిషను కొట్టేశారు. అక్కడ ఇప్పుడు ఇళ్ళు లేవు, వేరేచోట ఇళ్ళిచ్చారు, కాయితం సంగతి నమ్మదగినట్టు లేదు. ఇవీ కారణాలు.

తీర్పు రోజున వెనకసందు వాళ్ళు పదిహేను మందిదాకా వచ్చారు. జగ్గమ్మ రాలేదు. లేవలేకపోతోందట. బయట వేపచెట్టు కింద కూచుని అందరూ సత్తుగిన్నెల్లో తెచ్చుకున్న చోడి అంబలి తాగారు. కుసుమకుమారి కొంచెం దూరంలో గోడవార నిలబడింది. వెళ్ళి పలకరిద్దామని రెండుసార్లు అడుగు వేసి ఆగిపోయింది. సుహాసిని ఫైలు సంచీలో సర్దుకుంటూ ఒకసారి ఇటు చూసింది. చూపులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది ఆవిడకి.

తర్వాత వాళ్ళంతా ఒక పెద్ద ఆటో మాట్లాడుకుని ఎక్కారు. వెనకవేపు ఒక మనిషికి చోటు మిగిలింది. గంగులు కాలు బయటపెట్టి కూచుని, ఆటో కదలబోతోంటే ఆవిడ వంక చూశాడు.

"ఎక్కుతారేటి టీచరమ్మా? స్టేషను రోడ్డు మీంచే పోతాది."

"వద్దు గంగులూ. నేను ఇటు వెళ్ళాలి," అని ఆవిడ ఎదురు దిక్కుకి చెయ్యి చూపించింది.

గంగులు ఇంకోసారి అడగలేదు. ఆటో వెళ్ళిపోయింది. ఆ దిక్కున ఆవిడకి పనేమీ లేదు. అయినా అలా చెయ్యి చూపించాక ఇక తప్పక, మిట్టమధ్యాహ్నం ఎండలో అటే నడిచింది.